ఏడాదికి ఒక్క కాపు

మన ఊళ్లలో ప్రతి సెంటర్‌లోనూ 'వైన్స్' అని ఒక బోర్డు ఉంటుంది. లోపల బీరు ఉంటుంది, విస్కీ ఉంటుంది, బ్రాందీ ఉంటుంది. వైన్ మాత్రం వెతికితే పై అరలో దుమ్ము పట్టి ఒకటో రెండో సీసాలు కనిపిస్తాయట. ('ట' ఎందుకంటే నేను లోపలికి వెళ్లలేదు. పైగా మా అమ్మ ఈ మ్యాగజైన్ చదువుతుంది.) కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఇది తాగడం గురించిన వ్యాసం కాదు. ఒక రైతు గురించిన వ్యాసం. అతను పండించేది ద్రాక్ష, అమ్మేది వైన్.

సీఎస్‌ఈ వాడికి ద్రాక్షతోట గోల ఎందుకంటే, కారణం పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్. డేటా విజువలైజేషన్. అందరూ క్రికెట్, సినిమా కలెక్షన్ల డేటాసెట్లు తీసుకుంటుంటే, మేం వేరేది చేద్దామని వెతికి వెతికి ఒక వింత పట్టిక పట్టుకున్నాం. ఫ్రాన్స్‌లో బోన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ ద్రాక్ష కోత ఏ సంవత్సరం ఏ తేదీన మొదలైందో పాత రికార్డులన్నీ గాలించి, 1354 నుంచి 2018 వరకు పరిశోధకులు పోగుచేశారు. 664 ఏళ్ల డేటా! ఓరుగల్లులో కాకతీయుల పాలన ముగిసిన ముప్పై ఏళ్లకు మొదలైన పట్టిక అన్నమాట.

గ్రాఫ్ వేశాం. ఆరు వందల ఏళ్లు పైకీ కిందికీ ఊగుతూ ఒక వరసలో వచ్చిన గీత, చివర్లో మాత్రం కిందికి జారిపోయింది. మా టీమ్‌మేట్ చూసి, "చివరి పాయింట్లు తేడాగా ఉన్నాయిరా, అవుట్‌లయర్స్ అనుకుంటా, తీసేద్దామా?" అన్నాడు. తీసేసే ముందు అసలు ఆ తేదీ అంటే ఏంటో, దాన్ని ఎవరు ఎలా నిర్ణయిస్తారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. అక్కడ ఇరుక్కుపోయాను.

యాభై వేల మొక్కలు

బోన్ ఉన్న ప్రాంతాన్ని బర్గండీ అంటారు. ఎర్ర వైన్‌కి పినో న్వార్, తెల్ల వైన్‌కి షార్డొనే, ప్రధానంగా ఈ రెండే రకాల ద్రాక్ష. అక్కడి కొండవాలు మీద పొలాలు చిన్న చిన్న ముక్కలు. ఒక్కో ముక్కకీ వందల ఏళ్లుగా ఒక పేరు. అలా పేరున్న ముక్కలు 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ ఒక చిన్న రైతుని ఊహించుకుందాం. ఐదు హెక్టార్లు, అంటే పన్నెండు ఎకరాల పైచిలుకు. అదీ ఒకేచోట కాదు. తాతల నాటి పంపకాల వల్ల ఇక్కడ నాలుగు వరసలు, అక్కడ పది వరసలు. ఈ మాట చదవగానే మా ఊరి పొలాల పంపకాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మొక్కకీ మొక్కకీ మీటరు, వరసకీ వరసకీ మీటరు దూరంలో నాటతారు కాబట్టి హెక్టారుకి దాదాపు పది వేల మొక్కలు. మొత్తం యాభై వేలు. ఈ తోట పనీ, తోట కింద నేలమాళిగలో వైన్ పనీ రెండూ ఇతనివే. ఇంట్లోవాళ్లు, ఒకరిద్దరు పనివాళ్లు, అంతే.

చలికాలం: తీసేయడమే పని

నవంబర్ తర్వాత ఆకులన్నీ రాలిపోయి మొక్క నిద్రలోకి వెళ్తుంది. పని మొదలయ్యేది అప్పుడే. ఆ ఏడాది పెరిగిన కొమ్మల్లో ఎక్కువ భాగం కత్తిరించి పారేస్తారు. 19వ శతాబ్దంలో గీయో అనే డాక్టర్ ప్రచారం చేసిన పద్ధతిలో ఒక్కో మొక్కకి ఒక పొడుగు కొమ్మ, ఒక పొట్టి కొమ్మ మాత్రం ఉంచుతారు. పొడుగు కొమ్మ మీద ఆరు నుంచి ఎనిమిది కళ్లు. కన్ను అంటే మొగ్గ వచ్చే చోటు. రాబోయే పంట దాని మీదే. పొట్టి కొమ్మ మీద రెండు కళ్లు. ఇవి ఆ పై ఏడాది కొమ్మ కోసం.

అంటే కత్తెర పట్టుకున్న మనిషి ప్రతి మొక్క ముందూ రెండేళ్లు ముందుకి ఆలోచిస్తున్నాడు. కళ్లు ఎక్కువ ఉంచితే గుత్తులు ఎక్కువ వస్తాయి, రసంలో పస ఉండదు. తక్కువ ఉంచితే రసం బాగుంటుంది కానీ, వడగళ్లు పడ్డాయంటే చేతికి ఏమీ మిగలదు. ఒక్కో మొక్కకి ఒక్క నిమిషమే పడుతుందనుకున్నా యాభై వేల నిమిషాలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున లెక్కేస్తే వంద రోజులు దాటుతుంది. ఇందులో కంట్రోల్-జెడ్ లేదు. కోసిన కన్ను తిరిగి అతుక్కోదు. కోసిన కొమ్మల్ని అక్కడే ఇనప బండిలో వేసి కాలుస్తూ, ఆ సెగకి చేతులు కాచుకుంటూ పని చేస్తారు. జనవరి 22న ద్రాక్ష రైతుల దేవుడు సెయింట్ విన్సెంట్ పండగ. చలికాలంలో కాస్త ఊపిరి పీల్చుకునేది ఆ ఒక్కరోజే.

మన వైపు ఈ క్యాలెండర్ నడవదు. నాసిక్‌లో అంత చలి ఉండదు కాబట్టి తీగ నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కొమ్మల కోసం ఒకసారి, సెప్టెంబర్-అక్టోబర్‌లలో పండు కోసం ఒకసారి. కోత జనవరి నుంచి మార్చి మధ్యలో. కత్తిరింపులు రెండైనా వైన్‌కి వచ్చే కాపు మాత్రం ఒక్కటే.

వసంతం: ఒక్క రాత్రి

మార్చిలో నేల వేడెక్కగానే వేర్లు నీళ్లు లాగడం మొదలుపెడతాయి. కత్తిరించిన చోట్ల నుంచి చుక్కలు చుక్కలుగా రసం కారుతుంది. తీగ ఏడుస్తోంది అంటారు అక్కడ. నిజానికి అది మంచి సంగతి, మొక్క మేలుకుందని గుర్తు. పొడుగు కొమ్మని వంచి కింది తీగెకి కట్టే పని అప్పుడే. గాలిలో తేమ ఉన్న రోజు చూసుకుని కడతారు. పొడి రోజున వంచితే కొమ్మ పుటుక్కున విరుగుతుంది.

ఏప్రిల్ మొదట్లో కళ్లు విచ్చుకుంటాయి. లేత ఆకుపచ్చ మొగ్గ, నిండా నీళ్లు. ఇక రైతుకి నిద్ర ఉండదు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడని రాత్రి నేలలోని వేడంతా పైకి పోతుంది. తెల్లారుజామున సున్నా కంటే రెండు మూడు డిగ్రీలు కిందికి దిగితే చాలు, మొగ్గలోని నీరు గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి. పొద్దెక్కేసరికి గోధుమ రంగులో వాడిపోయి ఉంటుంది. తర్వాత పక్కన ఇంకో మొగ్గ రావచ్చు, కానీ దాని మీద కాపు అంతగా ఉండదు.

దీనికి ఏం చేస్తారంటే, బకెట్లంత డబ్బాల్లో మైనం పోసిన పెద్ద పెద్ద కొవ్వొత్తులు వరసల మధ్య పెట్టి, అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కటే వెలిగిస్తారు. హెక్టారుకి కొన్ని వందలు. ఇంకో పద్ధతి వింటే నాకు మతిపోయింది. మొగ్గ గడ్డకట్టకుండా ఉండటానికి దాని మీద నీళ్లు చల్లుతారు! నీరు మంచుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది కదా, ఇంటర్ ఫిజిక్స్‌లో గుప్తోష్ణం అని బట్టీ పట్టాం. ఆగకుండా చల్లుతూ ఉంటే మొగ్గ చుట్టూ మంచు పొర పెరుగుతూనే ఉంటుంది, లోపల మొగ్గ మాత్రం సున్నా దగ్గరే నిలబడుతుంది. మధ్యలో నీళ్లు ఆగాయా, అంతే సంగతులు.

2021 ఏప్రిల్ మొదటి వారంలో వరసగా కొన్ని రాత్రులు ఫ్రాన్స్‌లో సగానికి పైగా ద్రాక్ష ప్రాంతాల మీద ఈ మంచు పడింది. అంతకు ముందు మార్చి చివర్లో ఎండలు కాసి మొగ్గలు తొందరపడి విచ్చుకున్నాయి. షార్డొనే త్వరగా మేలుకునే రకం, అందుకని దానికే దెబ్బ ఎక్కువ తగిలింది. చాలా మంది బర్గండీ రైతులకి ఆ ఏడాది తెల్ల వైన్ నామమాత్రంగానే దక్కింది.

ఈ భాగం చదివిన రోజు మా తాతయ్యకి ఫోన్ చేశాను. ఆయనకి నూజివీడు దగ్గర నాలుగెకరాల మామిడి తోట ఉంది, రసాలూ బంగినపల్లీనూ. కొవ్వొత్తుల సంగతి చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "పూత మీద పొగమంచు పట్టిందంటే మాదీ అదే కథ కదరా. పొద్దున్నే వెళ్లి చూస్తే నల్లగా మాడి ఉంటుంది. వాళ్లు కనీసం దీపాలన్నా పెట్టుకుంటున్నారు," అన్నాడు.

ఎండాకాలం: బోర్డో మిశ్రమం

మే నుంచి ఆగస్టు దాకా పనికి విరామం ఉండదు. అక్కర్లేని చిగుళ్లు చేత్తో గిల్లేయాలి. పెరిగే కొమ్మల్ని తీగెల మధ్యకి సర్దాలి. వరసల మధ్య మీటరే కదా, మామూలు ట్రాక్టర్ పట్టదు. అందుకే వరసకి అటూ ఇటూ కాళ్లు పెట్టుకుని నడిచే ఎత్తైన ట్రాక్టర్లు వాడతారు. జూన్‌లో పూత. పూతకీ కోతకీ మధ్య సుమారు వంద రోజులు. పూత చూడగానే రైతు క్యాలెండర్‌లో వంద రోజులు లెక్కపెట్టి కూలీలకి కబురు పెడతాడు.

వాన ఎక్కువైతే ఆకుల మీద బూజు తెగులు. దానికి వాడే మందు పేరు చదివి ఆగిపోయాను. బోర్డో మిశ్రమం! మైలుతుత్తం, సున్నం కలిపి చేసేది. మా తాతయ్య చెట్ల మొదళ్లకి పూసే బోర్డో పేస్టు చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బోర్డో అంటే ఏదో కంపెనీ పేరనుకున్నాను. అది ఫ్రాన్స్‌లో ఇంకో వైన్ ప్రాంతం పేరు. 1880ల్లో అక్కడ దారి పక్కన రైతులు, దొంగలు గుత్తులు కోసుకుపోకుండా మొక్కల మీద నీలంగా ఏదో చల్లేవాళ్లు. తోటంతా తెగులు పట్టినా ఆ మొక్కలు మాత్రం పచ్చగా ఉండటం మిలార్డే అనే వృక్ష శాస్త్రవేత్త కంట పడింది. దొంగల కోసం పెట్టిన మందు తెగులుకి మందైంది. అక్కడి నుంచి మన నూజివీడు దాకా వచ్చింది. అయితే రాగి నేలలోనే పేరుకుపోతుంది కాబట్టి ఐరోపాలో దాని మీద పరిమితి ఉంది. ఏడేళ్లలో హెక్టారుకి 28 కిలోలు దాటకూడదు.

జూలై చివర నుంచి ఆకుపచ్చ కాయలకి రంగు తిరుగుతుంది. ఇక తీపి పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది.

కోత: ఏ రోజు?

ఇప్పుడు మా డేటాసెట్‌లోని ఆ ఒక్క కాలమ్ దగ్గరికి వచ్చాం. తీపి, పులుపు రెండూ సరిపడే రోజులు చాలా తక్కువ. ముందు కోస్తే పులుపు, ఆలస్యం చేస్తే పులుపు మొత్తం పోయి చప్పగా అవుతుంది. ఈలోపు వాన పడితే కాయలు కుళ్లుతాయి. రైతు వరసల్లో నడుస్తూ కాయ నోట్లో వేసుకుంటాడు, గింజ కొరికి చూస్తాడు, చిన్న పరికరంలో చక్కెర కొలుస్తాడు, ఫోన్‌లో వాతావరణం చూస్తాడు. ఆ తర్వాత ఒక తేదీ చెప్తాడు.

పూర్వం ఈ తేదీని ఊరి పెద్దలో దొరలో ప్రకటించేవాళ్లు. అంతకు ముందు ఎవరూ కోయకూడదు. ఆ ప్రకటనలూ, కూలీలకి డబ్బులిచ్చిన లెక్కలూ భద్రపరచబట్టే మాకు 1354 నాటి డేటా దొరికింది. ఎవరో గుమస్తా కూలి లెక్క రాసుకుంటే, అది ఆరు వందల ఏళ్ల తర్వాత మా సీఎస్‌వీ ఫైల్‌లో ఒక వరస అయింది.

నేలమాళిగ: పులియబెట్టడం

కోసిన గుత్తుల్లో కుళ్లినవి ఏరేసి, తొడిమలు తీసి, తొట్టెలో వేస్తారు. పినో న్వార్ కాయ పిండితే రసానికి రంగుండదు. రంగంతా తొక్కలోనే. అందుకని ఎర్ర వైన్‌ని తొక్కలతో కలిపి పులియబెడతారు. తెల్ల వైన్‌కి ముందే పిండేసి ఒట్టి రసాన్ని పులియబెడతారు.

పులియడమంటే మన కల్లు కుండలో జరిగేదే. ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెరకి ఒక శాతం ఆల్కహాల్. గ్యాస్ బుడగలకి తొక్కలన్నీ పైకి తేలి గట్టి మూతలా కడతాయి. రోజూ వాటిని కిందికి తొక్కాలి, కర్రతోనో కాళ్లతోనో. లేకపోతే రంగు దిగదు, పైన తొక్కలు పులిసి పాడవుతాయి. ఈ పని ప్రమాదకరం కూడా. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు, కింద పేరుకుంటుంది, వాసన రాదు. పూర్వం కొవ్వొత్తి పట్టుకుని దిగేవాళ్లు. అది ఆరిపోతే వెంటనే వెనక్కి రావాలి.

రెండు మూడు వారాలయ్యాక పిండి, ఓక్ చెక్క పీపాల్లో పోస్తారు. బర్గండీ పీపా 228 లీటర్లు, సుమారు మూడు వందల సీసాలు. లోపల రెండో విడత మార్పు మెల్లగా మొదలవుతుంది. పచ్చి ఆపిల్‌లో ఉండే ఘాటైన పులుపుని ఒక బాక్టీరియా పెరుగులో ఉండే మెత్తని పులుపుగా మారుస్తుంది. మన పాలు తోడుకునేలా చేసే బాక్టీరియాకి ఇది చుట్టమే. చలికి ఆగిపోయి, వసంతంలో నేలమాళిగ కాస్త వెచ్చబడ్డాక మళ్లీ కదలడం మామూలే.

ఇక మిగిలింది కాపలా. చెక్కలోంచి వైన్ కొంచెం కొంచెం ఆవిరవుతుంది. పీపాలో ఖాళీ ఏర్పడితే గాలి చేరి వైన్ పాడవుతుంది. అందుకే కొన్ని రోజులకోసారి ప్రతి పీపా మూత తీసి, అంచు దాకా వైన్ నింపుతారు. మా అమ్మమ్మ ఆవకాయ జాడీ మూత తీసి, ముక్క మీద నూనె తేలుతోందా లేదా అని చూసి, తగ్గితే పోసేది కదా. అదే సూత్రం. గాలి తగలకూడదు.

ఎర్ర వైన్ ఇలా ఏడాది, ఏడాదిన్నర పీపాలో ఉంటుంది. అంటే సెప్టెంబర్‌లో కొత్త గుత్తులు లోపలికి వస్తున్నప్పుడు, పోయినేటి వైన్ ఇంకా కింద ఉండొచ్చు. పైన తోటలో ఒక ఏడాది, కింద పీపాల్లో ఇంకో ఏడాది, కత్తెర పట్టిన చేతిలో రాబోయే రెండేళ్లు. మనం ఆర్కిటెక్చర్ క్లాసులో చదివే పైప్‌లైన్ లాంటిదే. తేడా ఏంటంటే ఇక్కడ ఒక్క స్టెప్ ఫెయిలైతే మళ్లీ రన్ చేయడానికి ఏడాది ఆగాలి.

నలభై సార్లు

ఒక లెక్క వేశాను. పాతికేళ్లకి తండ్రి దగ్గర తోట తీసుకుని, అరవై ఐదుకి కొడుక్కో కూతురికో ఇచ్చేస్తే, ఒక రైతు జీవితంలో నలభై కోతలు. నలభై సార్లే వైన్ చేస్తాడు. నేను ఒక ల్యాబ్ ప్రోగ్రామ్‌ని ఒక్క సాయంత్రంలో నలభై సార్లు రన్ చేస్తాను, అందులో ముప్పై ఎనిమిది ఎర్రర్లు. నలభై ప్రయత్నాలతో ఎవరైనా ఏం నేర్చుకోగలరు? అందుకే ఆ రైతు తన నలభైతో పాటు తండ్రి నలభై, తాత నలభై కూడా మనసులో పెట్టుకుంటాడు. ఈ ముక్కలో మంచు ముందు పడుతుంది, ఆ వాలులో కాయ ముందు పండుతుంది అని.

ఇప్పుడు మా గ్రాఫ్ చివర ఏం ఉందో చెప్తాను. 1354 నుంచి 1987 వరకు బోన్‌లో కోత సగటున సెప్టెంబర్ 28న మొదలైంది. 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకి జరిగింది. 2003లోనైతే ఆగస్టులోనే కోశారు. మేం తీసేద్దామనుకున్న పాయింట్లు ఇవే. డేటాలో తప్పేం లేదు. వాతావరణమే మారింది.

భూమి వేడెక్కితే మంచు బాధ తగ్గాలి కదా అని నాకూ అనిపించింది. జరిగేది తిరకాసుగా ఉంది. వెచ్చని మార్చి వల్ల మొగ్గలు ముందే విచ్చుకుంటున్నాయి. ఏప్రిల్ చలి రాత్రులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇదివరకు ఆ రాత్రికి మొగ్గ మూసుకుని ఉండేది, ఇప్పుడు తెరుచుకుని ఉంటోంది. 2021లో జరిగింది అదే. అందుకని కొందరు రైతులు మంచు పడే ముక్కల్ని కావాలనే అన్నిటికంటే చివర, మార్చిలో కత్తిరిస్తున్నారు. ఆలస్యంగా కత్తిరిస్తే మొగ్గ కొన్ని రోజులు ఆలస్యంగా లేస్తుంది. ఆ కొన్ని రోజుల కోసం ఇంత పాటు. తండ్రీ తాతా నేర్పిన తేదీలు పనికిరాకుండా పోతున్నప్పుడు, తన నలభైలో మిగిలిన వాటితోనే కొత్త తేదీలు నేర్చుకోవాలి.

ప్రాజెక్ట్‌లో ఏ పాయింటూ తీసేయలేదు. చివరి ముప్పై ఏళ్లకి వేరే రంగు వేసి సబ్మిట్ చేశాం. వైవాలో మేడమ్ అడిగిన ఒకే ప్రశ్న, "ఇంత పాత డేటా ఎవరు రాసిపెట్టారు?" అని. గుమస్తాల సంగతి చెప్పాను.

సంక్రాంతికి వెళ్లినప్పుడు తాతయ్యని అడిగాను, తోటలో ఎన్ని కాపులు చూశావని. మామిడి చెట్ల కింద నిలబడి వేళ్ల మీద కాసేపు లెక్కపెట్టుకుని, "నలభై ఆరు," అన్నాడు. ఏ ఏడాది పూత ఎప్పుడొచ్చిందో రాసిపెట్టావా అంటే, ఎందుకురా, అన్నీ గుర్తే అన్నాడు. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒక పాత లాంగ్‌బుక్‌లో ఆయనకి గుర్తున్నంత వరకు రాశాం. పందొమ్మిది ఏళ్లకి తేదీలు దొరికాయి. మిగతావి ఆయన గుర్తొచ్చినప్పుడల్లా ఫోన్ చేసి చెప్తున్నాడు.